ఎంబీఏ కాలేజీకి ‘గుర్తింపు’: ఆ మాట వెనక వందేళ్ల కథ

పిల్లల్ని ఎంబీఏలో చేర్చేముందు మన ఇళ్లల్లో అడిగే మొదటి ప్రశ్న, "కాలేజీకి గుర్తింపు ఉందా?" ఆ ఒక్క మాటలో మూడు సంగతులు కలిసిపోయాయి. కోర్సు నడుపుకోవడానికి ఇచ్చే అనుమతి ఒకటి. యూనివర్సిటీనో కాలేజీనో మొత్తంగా చూసి న్యాక్ అనే జాతీయ సంస్థ ఇచ్చే ముద్ర రెండోది. బిజినెస్ స్కూల్ ఒక్కదాన్నే విడిగా, లోపలికంటా పరిశీలించి ఇచ్చే అక్రెడిటేషన్ మూడోది. క్లాసులో చదువు ఎలా ఉందో నిలదీసి అడిగేది ఈ మూడోదే. దాని గురించి ఆరా తీసేవాళ్లు మాత్రం తక్కువ.

ఇది అమెరికాలో మొదలైంది. 1881లో వార్టన్ స్కూల్, 1908లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వచ్చాయి. మిగతా యూనివర్సిటీలూ అదే దారి పట్టాయి. ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో ఒక లెక్క ఉండాలని హార్వర్డ్, కొలంబియా, షికాగో వంటివి 1916లో ఏఏసీఎస్‌బీ అనే సంఘం పెట్టుకుని, 1919లో తొలి ప్రమాణాలు రాసుకున్నాయి. అది ప్రభుత్వ శాఖ కాదు. స్కూళ్లు ఒకదాన్నొకటి పరీక్షించుకునే ఏర్పాటు.

1959లో ఫోర్డ్, కార్నెగీ ఫౌండేషన్లు వేయించిన రెండు నివేదికలు గట్టి దెబ్బ కొట్టాయి. వ్యాపార విద్య పలచబడిందని, పరిశోధన తెలిసిన అధ్యాపకులు తక్కువని అవి మొహమాటం లేకుండా చెప్పాయి. దాంతో స్కూళ్లు పీహెచ్‌డీలు, గణితం, పరిశోధనల వైపు మళ్లాయి. అది మరీ ఎక్కువై బోధన వెనకబడిందని భావించినవాళ్లు 1988లో ఏసీబీఎస్‌పీ అనే వేరే సంస్థ పెట్టారు. 1991లో ఏఏసీఎస్‌బీ కూడా పద్ధతి మార్చుకుంది. అందరికీ ఒకే కొలబద్ద పట్టడం తగ్గించి, ‘మీ లక్ష్యం ఏమిటో చెప్పండి, దానికి తగ్గట్టు పనిచేస్తున్నారో లేదో చూపించండి’ అనడం మొదలుపెట్టింది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నాకనిపిస్తుంది. చిన్న ఊరి స్కూలు హార్వర్డ్ కావాల్సిన పని లేకుండానే మంచి స్కూలు కావచ్చని అది ఒప్పుకుంది.

నేను ఎంబీఏ చదివిన కాలేజీలో తనిఖీకి రెండు రోజుల ముందు లైబ్రరీకి కొత్త బీరువాలు వచ్చాయి. అంతకుముందు ఎప్పుడూ చూడని ఇద్దరు లెక్చరర్లు స్టాఫ్‌రూమ్‌లో కనిపించారు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఏఏసీఎస్‌బీ తరహా పరిశీలనకు వేరే స్కూళ్ల డీన్లు వస్తారు. ఒక్కో అధ్యాపకుడు ఏం చదివాడు, ఇటీవలి ఏళ్లలో ఏం రాశాడు, పరిశ్రమలో ఏం చేశాడు అన్నది పట్టిక వేసి చూపాలి. ‘మా విద్యార్థి బ్యాలెన్స్ షీట్ చదవగలడు’ అని రాసుకుంటే, ఎంతమంది నిజంగా చదవగలిగారో వాళ్ల పనితోనే రుజువు చేయాలి. చదవలేనివాళ్ల కోసం కోర్సులో ఏం మార్చారో కూడా చెప్పాలి. విద్యార్థులతోనూ మాట్లాడతారు.

యూరప్‌లో ఈక్విస్, లండన్ కేంద్రంగా ఆంబా ఇలాంటి పనే చేస్తాయి.

మన దగ్గర, ఐఐఎంలు రాకముందే, 1957లో ఆంధ్రా యూనివర్సిటీ ఎంబీఏ ప్రారంభించింది. 1961లో కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు వచ్చాయి. 1994లో న్యాక్, కోర్సుల వారీగా నాణ్యత చూసే ఎన్‌బీఏ ఏర్పడ్డాయి. ఐఐఎం అహ్మదాబాద్‌కు 2008లో ఈక్విస్, హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ)కి 2011లో ఏఏసీఎస్‌బీ అక్రెడిటేషన్ దక్కాయి. ఐఎస్‌బీ ప్రధాన కోర్సుకు, ఇలాంటి కోర్సులకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి లేదు, చివర్లో ఇచ్చేది డిగ్రీ కూడా కాదు. అనుమతి వేరు, నాణ్యత పరీక్ష వేరు అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

అక్రెడిటేషన్ అన్న మాట మన ఊళ్ల దాకా వచ్చింది 2011 జనవరిలోనే అనాలి. కాలిఫోర్నియాలో అక్రెడిటేషన్ లేని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడి, వందలాది తెలుగు పిల్లలు రోడ్డున పడ్డారు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. అక్కడ లేనిది యూనివర్సిటీ స్థాయి అక్రెడిటేషన్. అమెరికాలో చదివి హెచ్‌1బీ మాస్టర్స్ కోటా ఆశించేవాళ్లకు చట్టం అడిగేదీ అదే. బిజినెస్ స్కూల్ ముద్ర దాని తర్వాత చూడాల్సింది. ఇక్కడ చేరేవాళ్లు ఎన్‌బీఏ జాబితాలో కాలేజీ పేరు చూసి ఆగిపోకూడదు. ఎన్‌బీఏ ముద్ర కోర్సుకు ఇచ్చేది, కాలేజీకి కాదు. బీటెక్‌కు ఉన్నది ఎంబీఏకు ఉండకపోవచ్చు, ఉన్నా గడువు దాటి ఉండవచ్చు.