కారు చిన్నదవుతుంది, పెయింటు కాదు: స్కేల్ మోడల్ కార్ల మీద అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో మా ఇంటి మిద్దె మీద ఒక రేకుల గది ఉంది. పద్నాలుగేళ్లుగా అందులో నేను చేసేది ఒకటే పని, అరచేతిలో పట్టే కార్లు తయారుచేయడం, పాతవి బాగుచేయడం. ఆదివారం పొద్దున ఎవరో ఒకరు మెట్లెక్కి వస్తారు, వచ్చినవాళ్లలో సగం మంది అవే మాటలు చెబుతారు, నేను అవే జవాబులు చెబుతాను, మా ఆవిడ కింద నుంచి నవ్వుతుంది. ఇక చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

అపోహ: ఇది పిల్లలాట

పిల్లలాటే. కాకపోతే పిల్లల చేతికి ఇస్తే ఏడ్చేది నేను.

అపోహ: "ఇనుప కారు కదా అన్నా, దేంట్ల ఏసినా ఏం కాదు"

పాత డైకాస్ట్ కారును అందరూ ఇనుప కారనే అంటారు. ఒకసారి అయస్కాంతం పెట్టి చూడండి. చక్రాల మధ్య ఉన్న ఇరుసుకు టక్కున అంటుకుంటుంది, బాడీకి అంటుకోదు. బాడీ జింకు మిశ్రమం, అందులో నాలుగు శాతం దాకా అల్యూమినియం కలుపుతారు, కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడతారు. అందుకే బాడీకి ఎర్ర తుప్పు రాదు, తెల్లగా పొడిలాంటిది పడుతుంది. తుప్పు పట్టేది ఇరుసే.

ఈ తేడా తెలియక నేను ఒక మంచి కారును చంపుకున్నాను. పాత పెయింటు ఊడగొట్టడానికి కాస్టిక్ సోడా నీళ్లలో వేసి, ఇనుమే కదా అనుకుని, పరకాలలో పెళ్లికి పోయాను. కాస్టిక్ ఇనుము జోలికి పెద్దగా పోదు, కానీ జింకును, అల్యూమినియాన్ని తింటుంది, తింటూ హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. మర్నాడు మధ్యాహ్నం వచ్చి చూస్తే పెయింటు పోయింది, దానితోపాటు బానెట్ మీద గీతలూ పోయాయి, మిగిలింది నల్లగా, గుంటలు గుంటలుగా, మశూచి పోసినట్టున్న ముద్ద. ఇప్పుడు లోహానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ రిమూవరే వాడతాను. చేతులకు గ్లవ్స్ వేసుకుని, మిద్దె మీద గాలి ఆడేచోట పది పదిహేను నిమిషాలు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సబ్బు నీళ్లతో కడగడం, అంతే.

ప్లాస్టిక్ కిట్ (ముక్కలుగా వస్తే మనమే అతికించుకునే కారు) అయితే దాని దగ్గరికి రిమూవర్ గానీ థిన్నర్ గానీ తేకండి, దాని ప్లాస్టిక్ (పాలీస్టైరిన్) కరిగి చూయింగ్ గమ్ అవుతుంది. దానికి ఆటో స్పేర్స్ షాపులో దొరికే డాట్ 3 బ్రేక్ ఆయిల్ పనికొస్తుంది. అక్రిలిక్ పెయింటయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. ముందు లోపలివైపు ఒక మూల పూసి చూసి, ఆ తర్వాతే మొత్తం ముంచండి.

లోహానికి మందు లేని జబ్బు ఇంకొకటి ఉంది, జింక్ పెస్ట్ అంటారు. అప్పట్లో మిశ్రమంలో సీసం లాంటి మలినం కలిస్తే, ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోపలి నుంచే ఉబ్బి, పగిలి, బిస్కెట్‌లా రాలిపోతుంది. 1930ల నాటి డింకీ అనే బ్రిటిష్ కంపెనీ బొమ్మల్లో ఇది చాలా ఎక్కువ. ఫెవిక్విక్‌తో పగులు అతికిస్తే పక్కన ఇంకో పగులు వస్తుంది. దాన్ని తేమ లేని చోట పెట్టి అలా చూసుకోవడమే.

అపోహ: డబ్బా మీద 1:64 అని ఉంటే కొలత కచ్చితంగా అంతే

1:64 అంటే అసలు బండిలో అరవై నాలుగో వంతు. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు. 1:24 లో అది 18 సెంటీమీటర్లు, 1:43 లో 10, 1:64 లో 6.7. ఇది లెక్క. కానీ చవకగా దొరికే చిన్న కార్లలో బుల్లి కారూ, పొడవాటి ట్రక్కూ పక్కపక్కన పెడితే దాదాపు ఒకే పొడవుంటాయి, ఎందుకంటే రెండూ ఒకే ప్యాకెట్‌లో పట్టాలి. దీన్ని బాక్స్ స్కేల్ అంటారు. అందులో తప్పేం లేదు, వాటిని పక్కపక్కన పెట్టి రోడ్డు సీన్ చేయాలనుకుంటేనే తంటా. 1:43 అనే వింత అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు, అది 'ఓ గేజ్' (O gauge) అనే రకం బొమ్మ రైళ్ల కొలత. డింకీ కార్లు మొదట హార్న్‌బీ బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోవడానికే వచ్చాయి. కాజీపేట జంక్షన్ దగ్గర పెరిగినవాడిని కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేను.

అపోహ: "మా దోస్తుది పెయింటింగ్ షెడ్డు ఉంది, అండ్లనే కొట్టిస్త"

అన్నిటికన్నా ఎక్కువ కార్లను పాడుచేసిన మాట ఇది. నేనూ మొదట్లో అదే చేశాను. ఒక డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో 1:24 మారుతి 800 బాడీ ఇచ్చాను, ఆయన పాపం డబ్బులు కూడా తీసుకోకుండా అసలు కారుకు కొట్టినంత శ్రద్ధగా కొట్టాడు. అద్దంలా మెరిసింది. తలుపులు మాత్రం కనపడలేదు.

ఎందుకో లెక్క చూడండి. నిజం కారు మీద పెయింటు అన్ని పొరలూ కలిపి సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. అదే మందం 1:24 కారు మీద పడితే, అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల పెయింటు ఉన్నట్టు. 1:64 అయితే ఆరు మిల్లీమీటర్లు దాటుతుంది, అది పెయింటు కాదు, గోడకు చేసిన ప్లాస్టరింగ్. తలుపు సందు అసలు కారులో నాలుగైదు మిల్లీమీటర్లు, 1:24 లో 0.2 మిల్లీమీటర్లు. ఆ సందుకు అటు 0.1, ఇటు 0.1 పెయింటు పట్టిందంటే సందు మూసుకుపోయినట్టే. బండి చిన్నదవుతుంది గానీ పెయింటు చిన్నదవదు, దుమ్ము చిన్నదవదు, గాలిలో తేమ చిన్నదవదు. ఈ పనిలో వచ్చే ఇబ్బందుల్లో ముప్పావు భాగం ఇక్కడి నుంచే మొదలవుతాయి.

షెడ్డులోని గన్‌కు నాజిల్ 1.3, 1.4 మిల్లీమీటర్లు ఉంటుంది, మన ఎయిర్‌బ్రష్‌కు (పెన్నులా పట్టుకుని కొట్టే చిన్న స్ప్రే గన్) 0.3. పెయింటును పాలలా పలుచగా కలిపి, ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ మధ్య ఉంచి, ఒక్కసారిగా కప్పేయాలని చూడకుండా నాలుగైదు పలుచటి పొరలు వేస్తాను. మొదటి రెండు పొరలకు కారు మచ్చలమచ్చలుగా అసహ్యంగా ఉంటుంది, అప్పుడే కొత్తవాళ్లకు టెన్షన్ వచ్చి ఇంకాస్త కొడతారు, అది కాస్తా కారి కిందికి జారుతుంది. పెయింటుకు ముందే సర్జికల్ బ్లేడు వెనుక వైపుతో (మెడికల్ షాపులో 11 నంబరు అని అడగండి) తలుపు గీతలు కొంచెం లోతు చేసుకుంటే మంచిది. మెటాలిక్ రంగు కూడా కారుకు వాడేది వద్దు. అందులో మెరుపు రేణువులు అసలు కారు మీదే కంటికి కనిపిస్తాయి, చిన్న కారు మీద చమ్కీలు చల్లినట్టుంటాయి.

షెడ్డువాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది మాత్రం చాలా ఉంది. లప్పం పెట్టడం, వాటర్ పేపర్ రుద్దడం, 400 నుంచి 2000 నంబరు దాకా ఓపికగా పైకి పోవడం, ఇవన్నీ నేను వాళ్లను చూసి నేర్చుకున్నవే. ఆ మాటకొస్తే లప్పం మనకు కొత్తా? నిర్మల్ బొమ్మలవాళ్లు పొనికి చెక్క ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, సందులు పూడ్చి, ఆరాక నున్నగా రుద్ది గానీ రంగు ముట్టరు.

అపోహ: స్ప్రే ఎప్పుడైనా కొట్టొచ్చు, ఆరడమే కదా

వరంగల్ వానాకాలంలో లాకర్ (lacquer, థిన్నర్‌తో కలిపే త్వరగా ఆరే రకం) పెయింటు కొడితే కాసేపటికి పైన తెల్లటి పొర కమ్ముతుంది. పెయింటు నకిలీదని షాపువాడితో గొడవ పెట్టుకున్నవాళ్లను చూశాను. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఆ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, చల్లటి సీసా మీద చెమట పట్టినట్టు గాలిలో తేమ దాని మీద దిగుతుంది, అదే ఆ తెలుపు. పొడి గాలి ఉన్న రోజు పైన కొద్దిగా రిటార్డర్ థిన్నర్ (మెల్లగా ఆరే థిన్నర్) మంచులా కొడితే చాలాసార్లు పోతుంది. మే నెలలో కథ తిరగబడుతుంది, పెయింటు కారును చేరేలోపే గాలిలో ఆరిపోయి గరుకు కాగితంలా పడుతుంది. ఎండాకాలం నేను పొద్దున ఆరు గంటలకు కొట్టి ఏడింటికి గది మూసేస్తాను. త్వరగా ఆరుతుందని ఒకసారి ప్లాస్టిక్ బాడీని మధ్యాహ్నం రేకుల మీద పెట్టాను, సాయంత్రానికి పైకప్పు మంచం కుంగినట్టు కుంగింది.

ఇక పత్తి. ఏనుమాముల మార్కెట్‌కు లోడ్లు వచ్చే రోజుల్లో గాలిలో నూగు తిరుగుతుంటుంది. పత్తి పోగు పొడవు 28 మిల్లీమీటర్లు అనుకుందాం, 1:64 కారు మీద పడితే అసలు కారు మీద 1.8 మీటర్ల తాడు పడేసినట్టు. నీళ్లు చిలకరించిన నేల, మూసిన కిటికీ, కొట్టగానే పైన బోర్లించే ప్లాస్టిక్ డబ్బా, ఇంతకన్నా గొప్ప డస్ట్ రూమ్ నా దగ్గర లేదు. పడిన పోగును తడి మీద తీయబోకండి, ఆరాక 2000 నంబరు పేపర్‌తో తీయండి. దీన్ని నేను ఇప్పటికీ అప్పుడప్పుడు మరిచిపోయి వేలు పెడతాను.

అపోహ: ఫెవిక్విక్ ఉంటే అన్నీ అతుకుతాయి

అతుకుతాయి, వేళ్లతో సహా. కానీ అద్దాల దగ్గర దాన్ని వాడితే దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద పేరుకుని పొగమంచులా తెల్లబడుతుంది. అద్దాలకు మామూలు తెల్ల ఫెవికాల్ ఒక చుక్క పంటిపుల్లతో పెట్టండి, ఆరితే కనపడదు. కిట్ ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ సిమెంట్ వేరే ఉంటుంది, అది అతికించదు, రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది, కాబట్టి లోహానికి పనిచేయదు. ఫెవిక్విక్ అవసరమైన చోట్లున్నాయి, దానికి వంటసోడా కలిపితే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, విరిగిన మూలలు కట్టుకోవడానికి బాగుంటుంది.

అపోహ: కర్చీఫ్ కట్టుకుంటే చాలు

చాలదు. కర్చీఫ్, సర్జికల్ మాస్క్ దుమ్మును కాస్త ఆపుతాయి, థిన్నర్ ఆవిరిని ఆపవు. దానికి కార్బన్ కాట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) పెయింట్లలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తుల మీద గట్టిగా దెబ్బతీస్తాయి, కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఆ పెయింటు జోలికే పోకండి. నేను మానేశాను.

అపోహ: లక్షలు పెట్టాలి

ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ రెండో ఏడు కొనొచ్చు, మూడో ఏడు కొన్నా కొంపలేం మునగవు. మొదటి కారుకు సర్జికల్ బ్లేడు, నెయిల్ కట్టర్ లాంటి చిన్న కట్టర్, మూడు రకాల వాటర్ పేపర్, బట్టల క్లిప్పులు, ప్రైమర్ డబ్బా, రంగు డబ్బా చాలు. పాత డైకాస్ట్ విప్పాలంటే మాత్రం అడుగున ఉన్న రివెట్ తలను మూడు మిల్లీమీటర్ల బిట్‌తో మెల్లగా తొలిచి, తర్వాత అదే స్తంభంలో 1.6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, మర తీసి 2 మిల్లీమీటర్ల స్క్రూ బిగించాలి. స్క్రూడ్రైవర్‌తో పెకిలించబోతే పైన అద్దమూ, కింద ప్లేటూ రెండూ పోతాయి. సామాను తక్కువ కాబట్టి ఖర్చు తక్కువ అనుకోకండి, అసలు ఖర్చు కొనుక్కుని విప్పకుండా బీరువా మీద పెట్టిన కిట్లది. నావి ఎన్నో ఇక్కడ రాయను, ఇది మా ఇంట్లో కూడా చదువుతారు.

అపోహ: షోకేసులో పెడితే ఇక చూసుకోనక్కర్లేదు

మెత్తటి వినైల్ టైర్లలో మెత్తదనం కోసం కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి వచ్చి, అది తాకిన ప్లాస్టిక్ రిమ్మును కరిగిస్తుంది. ఏళ్ల తర్వాత టైరు తీయబోతే రిమ్ము దానితోపాటే వస్తుంది. కిట్లలో నేను రిమ్ముకు, టైరుకు మధ్య సన్నటి అల్యూమినియం ఫాయిల్ చుడతాను. కారు అడుగున చిన్న దిమ్మ పెట్టి చక్రాలు గాలిలో ఉంచితే ఇంకా మంచిది. ఎండ తగిలే కిటికీ పక్కన అస్సలు వద్దు, ముందు పోయేది ఎరుపు.

అపోహ: పాతదాన్ని కొత్తగా చేస్తేనే రీస్టోర్ చేసినట్టు

ఇక్కడ నాతో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, ఉండనీ. చవకగా దొరికే, లక్షల్లో అచ్చయిన కారును మీ ఇష్టమొచ్చిన రంగు వేసుకోండి, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు. కానీ కలెక్టర్ల దగ్గర అరుదైన పాత కారు, గీతలు పడి పెయింటు పెచ్చులూడినా సరే, కంపెనీ వేసిన అసలు పెయింటుతో ఉంటేనే విలువ. మీరు ఎంత అందంగా పెయింట్ వేసినా అది రీపెయింటే, అమ్మేటప్పుడు ఆ మాట చెప్పి అమ్మాలి, మార్చిన టైర్లూ స్టిక్కర్లూ కూడా చెప్పాలి. చెప్పకపోతే అది మోసం.

మొన్న నర్సంపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ వచ్చాడు. సంచిలో పాత డైకాస్ట్ లారీ, అడుగున మేడ్ ఇన్ ఇండియా అని ఉంది, ముందు ఇరుసు వంగింది, ఒక తలుపు మీద పెయింటు పూర్తిగా అరిగి లోహం తేలింది. "షోరూంల ఉన్నట్టు చెయ్యి తమ్మీ" అన్నాడు. ఆ ఒక్క తలుపే ఎందుకు అరిగిందని అడిగితే, కొడుకు చిన్నప్పుడు అక్కడే బొటనవేలు పెట్టి గచ్చు మీద తోసేవాడట. నేను సబ్బు నీళ్లతో కడిగి, ఇరుసు తీసి చక్కగా చేసి, తుప్పు గీకి ఒక చుక్క మిషను నూనె వేసి, తిప్పి చూపించి ఇచ్చేశాను. ఆయన గచ్చు మీద పెట్టి తోశాడు, గోడ దాకా పోయింది. ఏం మాట్లాడకుండా రెండు వందలు చేతిలో పెట్టి వెళ్లాడు.

సాయంత్రం ఆయన భార్య ఫోన్ చేసింది. "ఏం నాయనా, పైసలు తీస్కున్నవు, రంగెందుకు ఎయ్యలేదు?"