విశేషణం తీసేస్తే తటస్థం అయిపోదు: వికీ రాతపై అపోహలు - వాస్తవాలు

వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. ఏ పక్షమూ వహించకుండా రాయాలన్న తటస్థ దృక్కోణం దాని తొలినాటి నియమాల్లో ఒకటి. నియమం పాతదే అయినా దాని చుట్టూ అపోహలు తగ్గలేదు. కొత్త వాడుకరి రాసిన పేరా రద్దవుతుంది, దిద్దుబాటు సారాంశంలో (మార్పుకు కారణం రాసే చిన్న గడిలో) "తటస్థంగా లేదు" అని ఉంటుంది. ఆ వాడుకరి "అద్భుతమైన", "గొప్ప" తీసేసి మళ్ళీ భద్రపరుస్తాడు. అదీ రద్దవుతుంది. ఎందుకు రద్దయిందో ఎవరూ విడమరిచి చెప్పరు.

అపోహ: పొగడ్తలు, తిట్లు తీసేస్తే వాక్యం తటస్థమవుతుంది.

విశేషణం ఇట్టే దొరికిపోయే దొంగ. అసలు పక్షపాతం క్రియల్లో, అవ్యయాల్లో నక్కి ఉంటుంది. ఈ వాక్యం చూడండి:

"తనిఖీలో లోపాలు బయటపడినా, సంస్థ మాత్రం అంతా సవ్యంగానే ఉందని బుకాయించింది."

ఇందులో సంస్థను తిట్టే విశేషణం ఒక్కటీ లేదు. తీర్పు మాత్రం ఐదు చోట్ల ఉంది. "బయటపడటం" అంటే అంతవరకూ ఎవరో దాచారన్న ధ్వని. "పడినా"లోని దీర్ఘం, సంస్థ చెప్పబోయేది నమ్మదగ్గది కాదని ముందే సూచిస్తోంది. "మాత్రం" ఆ సంస్థను బోనులో ఒంటరిగా నిలబెట్టింది. "సవ్యంగానే"లోని ఏకారం వెటకారం. ఇక "బుకాయించింది" అన్న మాటతో శిక్ష కూడా ఖరారైపోయింది. దీన్ని ఇలా విడదీయాలి:

"తనిఖీ బృందం తన నివేదికలో 6 లోపాలను నమోదు చేసింది. పనులు ప్రమాణాల ప్రకారం జరిగాయని సంస్థ ఒక ప్రకటనలో తెలిపింది."

రెండు వాక్యాలు, రెండు మూలాలు, దేనిది దానికే. సంస్థది అబద్ధమని తేల్చిన విచారణ ఏదైనా ఉంటే అది మూడో వాక్యం. ఎవరు, ఎప్పుడు తేల్చారో దానిలోనే రావాలి.

పత్రికల భాష మనకు బాగా ఒంటబట్టింది. అందుకే వ్యాసాల్లో నోరు తెరిచిన ప్రతివారూ మండిపడతారు, ధ్వజమెత్తుతారు, విరుచుకుపడతారు. "విమర్శించాడు", "అన్నాడు" సరిపోతాయి. "ఒప్పుకున్నాడు" అన్న మాటతోనూ జాగ్రత్త, తప్పు జరిగిందన్న భావన అందులోనే ఉంది. "కేవలం 40 మంది హాజరయ్యారు", "ఏకంగా 40 మంది హాజరయ్యారు": లెక్క ఒకటే, తీర్పులు రెండు. "40 మంది హాజరయ్యారు" అని రాసి ఊరుకోండి. "ఎట్టకేలకు", "సైతం" కూడా ఇదే బాపతు.

తెలుగులో గౌరవవాచకాల చిక్కు అదనంగా ఉంది. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో "జన్మించాడు", "రచించింది" అని ఏకవచనం వాడటం, "గారు", "శ్రీ" లేకపోవడం చూసి చాలామంది నొచ్చుకుంటారు. అది అమర్యాద కాదు. ఒకరికి "అన్నారు", వారి ప్రత్యర్థికి "అన్నాడు" పడిందంటే, చదివేవారికి ఎవరి పక్షమో తెలిసిపోయినట్టే. "పరమపదించారు", "అమరులయ్యారు" బదులు "మరణించాడు" రాయడమూ ఇందుకే.

అపోహ: ఇరుపక్షాలకూ చెరి సగం ఇస్తే అదే తటస్థత.

చోటు పంచేది విశ్వసనీయ మూలాలు ఇచ్చిన ప్రాధాన్యాన్ని బట్టి. దానికి సమాన వాటా సూత్రం వర్తించదు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకాకూ ఆటిజంకూ సంబంధం ఉందని సూచించిన వ్యాసం 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో సంబంధం కనబడలేదు. టీకా వ్యాసంలో "సంబంధం ఉంది", "లేదు" అని చెరో పేరా ఇస్తే త్రాసు సమానంగా కనిపిస్తుంది, చదివినవారికి మాత్రం తప్పుడు సమాచారం చేరుతుంది. ఆ వివాదం చరిత్ర కాబట్టి దాని చోటు దానికి ఉంటుంది, కానీ వైద్య విభాగంలో కాదు.

బరువు తూచేందుకు ఒక పద్ధతి: విషయంపై 8 నుంచి 10 మంచి మూలాలు తీయండి. పాఠ్యగ్రంథాలు, సమీక్షా వ్యాసాలు, పేరున్న విజ్ఞాన సర్వస్వాలు అయితే మేలు. వివాదాస్పద అంశానికి ఒక్కొక్కటీ ఎంత చోటు ఇచ్చిందో చూడండి. పదింటిలో తొమ్మిది ఒక్క పేరాతో సరిపెట్టిన సంగతికి వికీలో సగం పేజీ ఇచ్చారంటే, తేడా వచ్చింది అక్కడే. "విమర్శలు" అని విడిగా తెరిచిన విభాగం ఊరికే ఉబ్బుతూ పోతుంది, దొరికిన ప్రతి ఆరోపణనూ తెచ్చి అందులో పడేస్తారు. ఏ విమర్శ ఏ అంశానిదో ఆ అంశం పక్కనే పెడితే ఈ జబ్బు చాలావరకు కుదురుతుంది.

అపోహ: "అని కొందరి అభిప్రాయం" తగిలిస్తే గండం గడిచినట్టే.

ఎవరా కొందరు? "అంటారు", "అని ప్రతీతి", "విమర్శకుల ప్రశంసలందుకుంది", "అందరికీ తెలిసిందే", ఇవన్నీ కర్త తప్పించుకున్న వాక్యాలే. అభిప్రాయం రాయడం నిషిద్ధం కాదు. ఎవరిదో, ఎక్కడ చెప్పారో వాక్యంలోనే ఉండాలి. "ఫలానా పత్రికలో సమీక్షకుడు కథనంలోని బిగువును మెచ్చుకున్నాడు, చివరి అధ్యాయాలు సాగదీసినట్టున్నాయని అన్నాడు" అన్నది నిజానిజాలు సరిచూడగల వాక్యం.

దీనికి ఎదురు తప్పు కూడా అంతే తరచుగా కనిపిస్తుంది. "భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని శాస్త్రవేత్తల అభిప్రాయం" అని రాస్తే, వివాదమే లేని వాస్తవాన్ని అభిప్రాయం స్థాయికి దించినట్టు. అలాంటిది నేరుగా చెప్పాలి.

అపోహ: మూలం చూపిస్తే ఏదైనా రాయవచ్చు.

మూలం ఉండటం కనీస అర్హత మాత్రమే. ఆ మూలం సంపాదకీయమో, అభిప్రాయ వ్యాసమో అయితే అందులోని తీర్పు రచయితదిగానే రావాలి, వికీ గొంతుతో కాదు. మరో పొరపాటు పసిగట్టడం కష్టం: ఒక మూలం "అధికారి మార్చిలో బదిలీ అయ్యాడు" అంటుంది, ఇంకోటి "ఏప్రిల్‌లో పనులు ఆగిపోయాయి" అంటుంది. "అధికారి బదిలీ కావడంతో పనులు ఆగిపోయాయి" అని కలిపితే, రెండు మూలాల్లోనూ లేని కారణాన్ని మీరు పుట్టించారు. ఆ "తో" ప్రత్యయానికి మూలం ఏదీ? వికీలో దీన్ని మౌలిక పరిశోధన, అంటే మూలాల్లో లేని సొంత నిర్ధారణ కింద జమకడతారు, ఒప్పుకోరు.

అపోహ: ఆ విషయంపై గట్టి అభిప్రాయం ఉన్నవారు దాని జోలికి వెళ్ళకూడదు.

నియమం వ్యాసం గురించి, మనిషి మనసు గురించి కాదు. ఏ అభిప్రాయమూ లేనివారికి సాధారణంగా ఆ విషయంపై ఆసక్తీ ఉండదు. మీ పక్షానికి ఎదురు నిలిచే బలమైన మూలాన్ని మీరే వెతికి, దాన్ని దాని వాదులు ఒప్పుకునేలా రాయగలిగితే చాలు.

డబ్బు తీసుకుని రాయడం వేరే సంగతి. 2014 నుంచి వికీమీడియా వాడుక నియమాల ప్రకారం యజమాని, క్లయింటు, అనుబంధం వెల్లడించి తీరాలి.

అన్నట్టు, అన్ని వికీలూ ఒకే తీరుగా ఉండవు. ప్రయాణ మార్గదర్శిని అయిన వికీవాయేజ్‌లో "ఈ దారి బాగుంటుంది" అని రాయవచ్చు. అక్కడ అడిగేది తటస్థత కాదు, న్యాయంగా రాయడం.

అపోహ: మెజారిటీ ఎటుంటే వ్యాసం అటు.

చర్చలో తలకాయలు లెక్కపెట్టరు, వాదనల్నీ మూలాల్నీ చూస్తారు. పదిమంది కలిసి కూడా తటస్థతను పక్కన పెట్టలేరు. మీ మార్పు రద్దయితే మళ్ళీ రద్దు చేయకండి. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుకు మించి రద్దులు చేస్తే నిరోధం పడవచ్చు, అంటే మిమ్మల్ని రాయనివ్వకుండా ఆపవచ్చు. ప్రతిసారీ వేరే వాక్యాన్ని రద్దు చేసినా లెక్కలోకి వస్తుంది.

నేరుగా ఆ వ్యాసపు చర్చా పేజీకి వెళ్ళండి. ఇప్పుడున్న వాక్యం, మీరు ప్రతిపాదించే వాక్యం ఒకదాని కింద ఒకటి పెట్టి, మూలం ఇచ్చి, నాలుగు టిల్డేలతో (~~~~) సంతకం చేయండి. అక్కడ మీ అభిప్రాయానికి చోటుంది, అది వ్యాస పాఠ్యం గురించి అయినంతవరకు. ఆ నాయకుడు మంచివాడా కాదా అన్నదానికి అది వేదిక కాదు.

తటస్థత మూస, అంటే తటస్థతపై సందేహం ఉందని చెప్పే హెచ్చరిక పట్టీ, వ్యాసానికి అతికించి వెళ్ళిపోయేవారు ఎక్కువ. ఎందుకు పెట్టారో చర్చలో లేకపోతే దాన్ని తీసేయడానికి అభ్యంతరం ఉండదు. "వ్యాసం ఏకపక్షంగా ఉంది" అంటే ఎవరూ ఏమీ సరిదిద్దలేరు. "రెండో విభాగం, మూడో వాక్యంలో 'బుకాయించింది' అని ఉంది, 5వ మూలంలో 'ఖండించింది' అని మాత్రమే ఉంది" అని రాస్తే అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది, మూస కూడా పోతుంది.