కోపానికి కాలేయమా? చైనా వైద్యం గొడవకు చాంగ్‌షా మూలం

మనసులోని బాధ ఒంట్లో రోగంగా తేలుతుందన్న చైనా వైద్యం మాట మీద మళ్లీ రగడ మొదలైంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో ‘కాలేయంలో చీ (చైనా వైద్యం చెప్పే ప్రాణశక్తి) స్తంభించడం’ లాంటివాటికి చోటివ్వడమే దీనికి కారణం. కోపం కాలేయాన్ని, దిగులు ఊపిరితిత్తులను, భయం మూత్రపిండాలను దెబ్బతీస్తాయన్న పాఠం పాతదే. ఆ ప్రాచీన గ్రంథాల జోలికి ఇప్పుడు వెళ్లక్కర్లేదు. అసలు పీటముడి 1980లో, హునాన్ ప్రావిన్స్‌లోని చాంగ్‌షాలో పడింది.

అమెరికా మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ అక్కడి మెడికల్ కాలేజీలో ‘నరాల బలహీనత’ (న్యూరస్థీనియా) రోగులు 100 మందిని పరీక్షించారు. (మన ఊళ్ల గోడల మీద ప్రకటనల్లో కనిపించే బలహీనత కాదు.) తలనొప్పి, నిద్రలేమి, కళ్లు తిరగడం, నీరసం... వాళ్లు చెప్పుకున్నవి ఇవే. అమెరికా ప్రమాణాలతో చూస్తే 87 మందిది డిప్రెషన్ అని తేలింది. మందులిస్తే చాలామందికి లక్షణాలు తగ్గాయి కూడా. 1982లో ఇదంతా అచ్చయింది. చైనావాళ్లకు డిప్రెషన్‌ను గుర్తుపట్టడం రాదని తేల్చేసినవాళ్లు అక్కడితో ఆగిపోయారు.

క్లైన్‌మన్ ఆగలేదు. తలనొప్పి తగ్గినా ఇంట్లో, ఉద్యోగంలో చిక్కులు తీరనివాళ్లు తమకు నయమైందని ఒప్పుకోలేదని ఆయనే రాశారు. వాళ్లలో చాలామంది బాధలకు మూలం 1966-76 నాటి సాంస్కృతిక విప్లవం. ఆ రోజుల్లో మనసు బాగాలేదంటే రాజకీయంగా దారి తప్పినట్టే లెక్క. సైకాలజీ చదువులే మూతపడ్డాయి. తలనొప్పి అంటే మాత్రం సెలవు దొరికేది, పని మార్చమని అడగడానికి వీలుండేది, ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. రోగి చెప్పుకునే బాధను పక్కనపెట్టి అమెరికా పేరు అంటించడమేంటని చైనా డాక్టర్లు అభ్యంతరం చెప్పారంటే అందులో న్యాయం లేకపోలేదు. తమాషా ఏంటంటే, ‘నరాల బలహీనత’ను 1869లో ప్రచారంలోకి తెచ్చింది కూడా న్యూయార్క్ డాక్టరే, జార్జ్ బియర్డ్.

ఆ జబ్బు చైనా వైద్యంలో ఎంతగా ఇమిడిపోయిందో మందు చీటీ చూస్తే తెలుస్తుంది. వైద్యుడు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనిస్తాడు. నాడి వింటినారిలా బిగిసి ఉంటే కాలేయంలో చీ కదలడం లేదని చెప్పి, సాంగ్ వంశం నాటి ‘షియావోయావో సాన్’ అనే పొడి రాస్తాడు. అందులో చైహు అనే మొక్క వేరు, అతిమధురం, అల్లం, పుదీనా వంటివి ఉంటాయి. ఏడుపు ఊసెత్తకుండానే రోగి బాధ నమోదైపోతుంది. 1956లో ప్రభుత్వం సంప్రదాయ వైద్య కాలేజీలు పెట్టాక, వైద్యుడికొక తీరుగా ఉన్న ఈ పద్ధతి పాఠ్యపుస్తకాల్లో ఒక మూసకొచ్చింది.

ఆ పొడి పనిచేస్తుందా అంటే, ట్రయల్స్ చాలానే ఉన్నాయి కానీ నాణ్యత అంతంతమాత్రం. ఐసీడీ-11 నిర్ణయం బెడిసికొట్టొచ్చని 2019లో ‘నేచర్’ పత్రిక సంపాదకీయం రాసింది. చేర్చింది లెక్కల కోసమే, వైద్యం పనిచేస్తుందన్న హామీ కాదని ఆరోగ్య సంస్థ జవాబు.

అదే జాబితా నుంచి ‘నరాల బలహీనత’ను మాత్రం తీసేశారు. ఇక ఆయుర్వేద, సిద్ధ, యునానీ పేర్లతో అందులోని సంప్రదాయ వైద్యం విభాగానికి రెండో భాగం (మాడ్యూల్) 2024 జనవరిలో ఢిల్లీలో విడుదలైంది కాబట్టి ఈ గొడవ మన గుమ్మం దాకా వచ్చినట్టే.