కొబ్బరికాయ కొడితే రోడ్డు పడినట్టేనా? బల్దియా ఎన్నికల అపోహలు - వాస్తవాలు

బల్దియా, అంటే హైదరాబాద్ నగరపాలక సంస్థ, ఎన్నికలు దగ్గరపడ్డాయని తెలుసుకోవడానికి నాకు ఎప్పుడూ టీవీ అక్కర్లేకపోయింది. శంకుస్థాపన రాళ్లు దిగడం మొదలైతే చాలు. గ్రానైటు మీద పేర్లన్నీ ముందే చెక్కించి, తేదీ దగ్గర మాత్రం ఖాళీ వదిలి తెచ్చేవారు.

మున్సిపల్ ఇంజినీరింగ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్) చేరి ఈఈగా (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) రిటైరయ్యాను. మధ్యలో ఎన్నికల డ్యూటీలు సరేసరి. ఇప్పుడు పొద్దున్నే పార్కులో వాకింగ్‌కి వెళ్తే కాలనీవాళ్లు చుట్టూ చేరతారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంటుంది, కానీ చాలాసార్లు అది పడాల్సిన చోట పడదు. పని ఎవరి చేతిలో ఉందో తెలియకపోతే నిలదీయడం కూడా దండగే. నేను తరచుగా వినే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: కొబ్బరికాయ కొట్టారంటే పని మొదలైనట్టే.

వాస్తవం: కొబ్బరికాయకి మా ఫైల్లో కాలమ్ లేదు. ఒక గల్లీలో సీసీ రోడ్డు పడాలంటే ముందు ఏఈ వచ్చి కొలిచి ఎస్టిమేట్ వేయాలి. దానికి అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్ (ఖర్చుకి అనుమతి), తర్వాత టెక్నికల్ శాంక్షన్ (ఎస్టిమేట్‌కి ఇంజినీర్ల ఆమోదం) రావాలి. ఆపైన టెండర్, అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్. అప్పుడు గానీ కంకర దిగదు. పని జరుగుతుంటే కొలతలు ఎంబీలోకి, అంటే మెజర్‌మెంట్ బుక్కులోకి ఎక్కాలి. పై అధికారి చెక్ మెజర్ చేశాక, అంటే మళ్లీ కొలిచి సరిచూశాక, బిల్లు కదులుతుంది. ఇన్ని మెట్లలో కార్పొరేటర్ సంతకం పెట్టేది దాదాపు ఎక్కడా లేదు. ఆయన అడగగలడు, తరమగలడు, ఫైలు వెనకాల తిరగగలడు. మంచి కార్పొరేటర్లు ఆ తిరుగుడే తిరుగుతారు. అది చిన్న పని కాదు.

అందుకే కొబ్బరికాయ కొట్టిన రోజు చప్పట్లు కొట్టే ముందు ఒక్కటి అడగండి: "అన్నా, వర్క్ ఆర్డర్ అయిందా? నంబరెంత?" శాంక్షన్ అయింది అంటే ఇంకా టెండర్ కావాలి. టెండర్ అయింది అంటే అగ్రిమెంట్ కావాలి. ఎస్టిమేట్ వేయిస్తున్నాం అంటే, ఆ రాయిని ఇంకొన్నాళ్లు ఎండకి ఎండనివ్వాల్సిందే.

అపోహ: మేయర్‌ని మనమే ఎన్నుకుంటాం, సిటీకి ఆయనే బాస్.

ఈ మాట ఊరికే పుట్టలేదు. 2002లో నిజంగానే హైదరాబాద్ ఓటర్లు మేయర్‌ని నేరుగా ఎన్నుకున్నారు, తీగల కృష్ణారెడ్డి గెలిచారు. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలు, పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశాక, 2009 నుంచి కార్పొరేటర్లే మేయర్‌ని ఎన్నుకుంటున్నారు. వాళ్లతో పాటు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కూడా చేతులెత్తుతారు. 2020 డిసెంబరు ఎన్నికల్లో 150 డివిజన్లలో (వార్డుల్లో) 56 గెలిచిన పార్టీకే మేయర్ పీఠం దక్కింది. అంతకంటే చిత్రమేమిటంటే, ఆ ఎన్నికల్లో డిసెంబరు 4న గెలిచినవాళ్లు ప్రమాణం చేసింది 2021 ఫిబ్రవరి 11న. పాత కౌన్సిల్ గడువు అప్పటిదాకా ఉంది మరి. గెలిచిన మర్నాడే ఇంటికెళ్లి "మా నాలా సంగతేంటి" అని అడిగినవాళ్లకి ఈ సంగతి తెలియదు.

ఇక బాస్ సంగతి. కౌన్సిల్ సమావేశానికి మేయర్ అధ్యక్షత వహిస్తారు. ఆఫీసు నడిపేది మాత్రం కమిషనర్. ఆయన ఐఏఎస్ అధికారి, రాష్ట్ర ప్రభుత్వం వేస్తుంది, రాష్ట్ర ప్రభుత్వమే తీస్తుంది. మీ ఓటు ఆయన దాకా నేరుగా వెళ్లదు. నడుమ 15 మంది సభ్యుల స్టాండింగ్ కమిటీ ఒకటి ఉంది, పెద్ద పనులు దాని ముందుకే వస్తాయి. మీ కార్పొరేటర్ ఆ కమిటీలో ఎప్పుడైనా ఉన్నారా? పార్కులో ఇరవై మందిని అడిగాను, ఒక్కరికీ తెలియదు.

అపోహ: డ్రైనేజీ పొంగితే బల్దియాదే తప్పు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎన్నికల్లో తిట్లన్నీ ఈ మేన్‌హోల్ మూత చుట్టూనే తిరుగుతాయి.

మురుగునీటి లైను జలమండలిది, అంటే నగరానికి మంచినీళ్లు, మురుగు చూసే బోర్డుది. అది 1989 చట్టంతో వచ్చిన వేరే సంస్థ, దానికి చైర్మన్ ముఖ్యమంత్రి. వాననీటి కాలువ, నాలా, గల్లీ రోడ్డు, వీధి దీపం, చెత్త బల్దియావి. కరెంటు స్తంభం పంపిణీ సంస్థ డిస్కమ్‌ది. మెట్రో, ఆర్టీసీ, ట్రాఫిక్ పోలీసులు ఎవరి దారి వాళ్లది. చెరువుల ఆక్రమణల మీదికి 2024లో హైడ్రా అనే ఇంకో సంస్థ వచ్చింది. వీళ్లలో ఎంతమంది మీ బ్యాలెట్ పేపర్ మీద ఉంటారో లెక్కేసుకోండి.

ఓసారి ఓ రిటైర్డ్ టీచర్‌గారు నా దగ్గరికొచ్చారు. "సార్, మూడు నెల్ల సంది తిరుగుతున్న. మా గల్లీల నీళ్లు ఆగుతలేవు. ఈసారి ఓటు వెయ్యనే వెయ్య" అన్నారు. వెళ్లి చూస్తే పొంగుతున్నది మురుగు మేన్‌హోల్. ఆయన మూడు నెలలూ ఫిర్యాదు చేసింది వాననీటి కాలువలు చూసేవాళ్లకి. పోనీ అక్కడితో తెగిందా అంటే, లేదు. గల్లీలో నాలుగిళ్లవాళ్లు మురుగు పైపుని వాననీటి కాలువలోకి కలిపేశారు. వాన పడితే ఆ నీళ్లు ఈ లైన్లోకి, ఈ మురుగు ఆ కాలువలోకి. ఇలాంటి చోట రెండు శాఖల ఏఈలు మూత దగ్గర నిలబడి "మీదంటే మీది" అనుకుంటారు. నేనూ అలా నిలబడినవాడినే, దాచడం దేనికి.

దానికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే. జలమండలి 155313కి, బల్దియా 040-21111111కి రెండింటికీ ఒకే రోజు ఫిర్యాదు పెట్టండి. రెండు నంబర్లూ ఒకే కాగితం మీద రాసి కార్పొరేటర్ చేతికివ్వండి. ఇద్దరు ఏఈలనీ ఒకే పూట ఆ మూత దగ్గరికి రప్పించడం ఆయన పని. అది చేయలేకపోతే అప్పుడు తిట్టండి, న్యాయంగా ఉంటుంది.

ఇదే తికమక మేనిఫెస్టోల్లోనూ ఉంటుంది. 2020లో ఓ పార్టీ నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లంది. 2021 జనవరిలో అమలైంది కూడా, కానీ చేసింది రాష్ట్ర ప్రభుత్వం, జలమండలి ద్వారా. ఇంకో పార్టీ నుంచి ట్రాఫిక్ చలాన్లు కార్పొరేషనే కడుతుందన్న మాట వినిపించింది. మంచివో చెడ్డవో మీ ఇష్టం, ఇవి కౌన్సిల్ హాల్లో తీర్మానంతో తేలేవి మాత్రం కావు.

అపోహ: ఎన్నికల కోడ్ వచ్చింది, ఇక ఏ పనీ కాదు.

ఇది మా శాఖవాళ్లకి ప్రాణం లాంటి అపోహ. ఏది అడిగినా "కోడ్ ఉంది సార్" అంటే సరిపోతుంది. వాస్తవానికి ఆగేవి కొత్త శాంక్షన్లు, కొత్త ప్రకటనలు, వర్క్ ఆర్డర్ ఇచ్చినా నేల మీద మొదలుకాని పనులు. అప్పటికే నడుస్తున్న పని నడవాల్సిందే. చెత్త ఎత్తడం, దోమల మందు, మూత లేని మేన్‌హోల్‌కి మూత వేయడం, ఇవేవీ ఆగవు. 2020 అక్టోబరు వరదల తర్వాత ఇంటికి 10 వేల సాయాన్ని నవంబరు 18న ఆపినప్పుడు మీ సేవ కేంద్రాల ముందు బారులు తీరిన జనం నిరాశగా వెనుదిరిగారు. ఆ ఆదేశం రాష్ట్ర ఎన్నికల సంఘానిది. కార్పొరేషన్ ఎన్నికలు చూసేది అదే, ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘం కాదు. ఫిర్యాదు ఢిల్లీకి మెయిల్ చేసి ఎదురుచూసేవాళ్లు ఇది గమనించాలి.

అపోహ: మా కాలనీ రెండు వేల ఓట్లు ఏ మూలకి?

లెక్క చూడండి. 2020లో 150 డివిజన్లకి ఓటర్లు 74.67 లక్షలు. సగటున డివిజన్‌కి 50 వేలు. పోలైంది 46.55 శాతం, అంటే 23 వేల చిల్లర. ముగ్గురు గట్టిగా పోటీపడితే పదివేల దగ్గర కూడా గెలుపు తేలొచ్చు. ఆ లెక్కలో మీ రెండు వేలు ఎంతో అభ్యర్థికి బాగా తెలుసు, తెలియనిది మీకే. అన్నట్టు, ఓటరు కార్డు జేబులో ఉంటే చాలదు, మీ డివిజన్ జాబితాలో పేరుండాలి. హద్దులు మారినప్పుడు మీ ఇల్లు పక్క డివిజన్లోకి వెళ్లి ఉండొచ్చు.

అపోహ: మహిళా కార్పొరేటర్ అంటే పేరుకే, నడిపేది భర్తే.

కొన్నిచోట్ల నిజం. 2020లో 150లో 75 సీట్లు మహిళలవి. వాళ్లలో ఎస్టిమేట్ కాగితం తిరగేసి "ఈ రేటెందుకు పెరిగింది" అని నన్ను నిలబెట్టి అడిగినవాళ్లనీ చూశాను. భర్త ఫోన్ చేస్తే "మేడమ్‌కి ఇవ్వండి" అనడం మనం నేర్చుకుంటే కొంత మారుతుంది. అనుభవంతోనే చెబుతున్నాను, నేను ఆ మాట అనడానికి చాలా ఏళ్లు పట్టింది.

అపోహ: నిలదీయాలంటే ఐదేళ్లు ఆగాల్సిందే.

ఓటర్లు కార్పొరేటర్‌ని మధ్యలో వెనక్కి పిలిచే వీలు మనకి లేదు, నిజమే. పైగా ఐదేళ్లయ్యాక కూడా ఎన్నిక టైముకి జరుగుతుందన్న భరోసా తక్కువ. 2014 డిసెంబరులో కౌన్సిల్ గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో. మధ్యలో స్పెషల్ ఆఫీసర్ పాలన. అప్పుడు తలుపు తట్టడానికి కార్పొరేటర్ కూడా ఉండడు.

కానీ మధ్యలో చేతికి దొరికే పనిముట్టు ఒకటుంది: సమాచార హక్కు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. కౌన్సిల్ మినిట్స్ (సమావేశాల రికార్డు) అడిగితే మీ కార్పొరేటర్ ఎన్ని సమావేశాలకి వచ్చారో, ఏ ప్రశ్న వేశారో తెలుస్తుంది. ఎంబీ కాపీ అడగొచ్చు. పని జరిగిన చోటు తనిఖీ చేయొచ్చు. వాడిన మెటీరియల్ శాంపిల్ కూడా అడిగే హక్కు ఆ చట్టంలోనే ఉంది.

ఇందాకటి టీచర్‌గారే ఒకసారి వాళ్ల గల్లీ సీసీ రోడ్డు ఎంబీ కాపీ తీయించి, టైలర్ దగ్గర టేపు అరువు తెచ్చుకుని పొద్దున్నే నన్ను లాక్కెళ్లారు. వంగి వంగి కొలిచాం, ఒకటిన్నర మీటరు చొప్పున. చివర గేటు దగ్గర నాలుగు మీటర్లు తక్కువొచ్చింది. ఫైనల్ బిల్లు ఇంకా కాలేదు. వారంలో కాంట్రాక్టర్ మనిషిని పంపి ఆ ముక్క పోయించాడు. సార్ టేపు చుట్టుకుంటూ, "మరి పక్క గల్లీది ఎప్పుడు కొలుద్దాం?" అన్నారు.