ఛార్టర్ (అద్దె) బోటులో చేపల వేట: "ఇంకో అరగంట చూద్దాం" అనే అపోహ

గాలి పెరుగుతోంది, బోటు వెనక్కి తిప్పుతున్నాను అనగానే వేటకు వచ్చిన వాళ్ళలో ఎవరో ఒకరు "ఇప్పుడు బాగానే ఉంది కదా, ఇంకో అరగంట చూద్దాం" అంటారు. చేప పడుతున్న వేళైతే ఇంకా గట్టిగా అంటారు. బోటు నడిపేవాడిగా నాకు ఎక్కువ వాదన అయ్యేది ఈ మాట మీదే.

అపోహ: సముద్రం ఇప్పుడు ఎలా ఉందో చూసి అక్కడే ఉండాలా, వెనక్కి వెళ్ళాలా తేల్చుకోవచ్చు.

వాస్తవం: చూడాల్సింది తిరుగు ప్రయాణాన్ని. ఒడ్డు వైపు నుంచి సముద్రంలోకి గాలి వీచే రోజున ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ళు చదునుగా కనిపిస్తాయి. అల పెరగాలంటే గాలి నీటి మీద కొంత దూరం వీచాలి, ఒడ్డు పక్కన ఆ దూరం ఉండదు. లోపలికి వెళ్ళేకొద్దీ అల పెరుగుతుంది. కానీ గాలీ అలా రెండూ వెనక నుంచే వస్తాయి కాబట్టి మనకు తెలియదు. బోటు ముక్కు ఒడ్డు వైపు తిప్పాక తెలుస్తుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. అలలకు ఎదురు వెళ్ళాలంటే స్పీడు తగ్గించాలి, ఆయిల్ మాత్రం ఎక్కువ కాలుతుంది. ఆయిల్‌లో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకుండా ఉంచాలనే లెక్క ఇందుకే.

ఒకసారి ఒక కుటుంబం వచ్చింది. పోవడానికి గంట పట్టింది. ఫోర్‌కాస్ట్‌లో లేని గాలి లేచింది. "రోజంతటికీ డబ్బు కట్టాం" అన్నారు పెద్దాయన. తిప్పేశాను. రావడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. ముక్కు లేచి పడిన ప్రతిసారీ వాళ్ళ చిన్నవాడు "మునిగిపోతామా?" అని అడుగుతున్నాడు. నా పక్కన కూర్చోబెట్టుకుని, పెద్ద కెరటం ఎటు నుంచి వస్తోందో చూసి చెప్పమన్నాను. పని దొరికేసరికి ఏడుపు ఆగింది. పెద్దాయన మాత్రం రెయిలింగ్ వదల్లేదు. అరగంట ఆగి ఉంటే ఆ కెరటాలకు ఇంకా బలం వచ్చేది.

"ఫోర్‌కాస్ట్‌లో అలలు 1 మీటరే అన్నారు, అబద్ధం చెప్పారు" అని కోప్పడతారు. ఆ అంకె మొత్తం అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. మధ్యలో దానికి రెట్టింపు అల కూడా రావచ్చు. అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడండి. అదే ఎత్తు అల 10 సెకన్లకొకటి వస్తే బోటును ఊపుతుంది, 4 సెకన్లకొకటి వస్తే బాదుతుంది.

ఏడో అలే పెద్దదట, లెక్కపెట్టుకోవచ్చట. ఈ పుకారు దయచేసి ఆపండి, అలలకు అలాంటి వరస లేదు.

ఈత వచ్చు కాబట్టి లైఫ్ జాకెట్ అక్కర్లేదు, అవసరమైతే వేసుకుంటాం అంటారు. నీళ్ళలో పడ్డాక, కెరటాల మధ్య దాన్ని తొడుక్కోవడం చాలా కష్టం. ఎక్కేటప్పుడే బకిల్స్ పెట్టుకోండి.

కడుపు తిప్పడం పిరికితనం కాదు. కంటికి కనిపించేదీ చెవి లోపలి బ్యాలెన్స్‌కు తెలిసేదీ కలవకపోవడం వల్ల వస్తుంది, పాత సరంగులకూ వస్తుంది. టాబ్లెట్ బయలుదేరక ముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక అది కడుపులో నిలవదు. ఫోన్ పక్కన పెట్టి, బోటు మధ్య భాగంలో కూర్చుని దూరాన నీళ్ళూ ఆకాశం కలిసే గీతను చూడండి. వాంతి వస్తే ఒంటరిగా అంచు దగ్గరికి వెళ్ళకండి, టెన్షన్ పడకుండా బోటు మనిషిని పిలవండి, పట్టుకుని నిలబడతాడు.