రేగడి నేల, పగిలిన గోడ: ఈ పంచాయితీ ఎక్కడ మొదలైంది?

వానలు పడగానే నల్లరేగడి మీద లేచిన కొత్త కాలనీల్లో పగుళ్ల పంచాయితీ మళ్ళీ మొదలైంది. కట్టి మూడేళ్లయినా కాని ఇంట్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట. తలుపు బిగుసుకుపోయి తెరుచుకోదు. హాలు మధ్యలో టైల్స్ ఉబ్బి పైకి లేచాయి. ఇంటాయన నిలదీస్తే బిల్డర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "సాయిల్ టెస్ట్ చేయించాం సార్, బేరింగ్ కెపాసిటీ బాగానే వచ్చింది. మీరే గోడవారన మొక్కలు పెట్టి రోజూ నీళ్ళు పోస్తున్నారు."

ఈ జవాబులో సగం నిజముంది. మిగతా సగం తెలియాలంటే మట్టి పరీక్ష అన్న మాటకు రెండు అర్థాలు ఎప్పుడు వచ్చాయో చూడాలి.

రేగడి గురించి తెలుగువాళ్లకు మొదటి నుంచీ చెప్పక్కర్లేదు. నేలల శాస్త్రంలో వాడే 'రెగుర్' అనే పేరే మన రేగడ నుంచి వెళ్ళింది. తడిస్తే ఉబ్బడం, ఎండితే కాలు దిగేంత నెర్రెలివ్వడం దాని గుణం. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం పొరల మధ్య నీటిని పట్టి ఉంచుకోవడమే దీనికి కారణం. బ్రిటిష్ కాలంలో నేలలను రకాలుగా విడగొట్టిన కథను వదిలేసి నేరుగా 1911కు వద్దాం. నా లెక్కలో అసలు మలుపు అక్కడే ఉంది.

స్వీడన్‌కు చెందిన ఆల్బర్ట్ అట్టర్‌బర్గ్ రసాయన శాస్త్రవేత్త. ఆయన పని పొలాల మట్టితో, ఇళ్లతో కాదు. తడి బంకమట్టిని తీసుకుని చేత్తో దారంలా పేనేవారు. పేనుతూ పోతే తేమ తగ్గి ఒక దశలో దారం ముక్కలవుతుంది. అప్పుడు మట్టిలో ఉన్న నీటి శాతం ఒక హద్దు. మట్టి జారుడుగా మారి పారడం మొదలుపెట్టే చోట ఇంకో హద్దు. ఈ రెంటి మధ్య ఎంత దూరముంటే మట్టి అంత బంక. కుమ్మరికీ రైతుకూ వేళ్ళకు తెలిసిన సంగతే ఇది. అట్టర్‌బర్గ్ దానికి ఒక అంకె ఇచ్చారు.

ఆ తర్వాత కార్ల్ టెర్జాగీ, ఆర్థర్ కాసగ్రాండే అనే ఇంజినీర్లు ఈ పరీక్షను ఇంజినీరింగ్‌లోకి తెచ్చారు. పేనే దారం 3 మిల్లీమీటర్లకు స్థిరపడింది. ఇత్తడి గిన్నెలో మట్టి పరిచి, మధ్యలో గాడి గీసి, గిన్నెను సెంటీమీటరు ఎత్తు నుంచి పదే పదే జారవిడుస్తారు. 25 దెబ్బలకు గాడి మూసుకుంటే అప్పుడు మట్టిలో ఉన్న నీటి శాతమే జారుడు హద్దు. పొలం కోసం పుట్టిన పరీక్ష ఇలా రోడ్ల, డ్యాముల, పునాదుల ల్యాబుల్లో స్థిరపడింది. పొలం మట్టి పరీక్ష మాత్రం పోషకాల వైపు మళ్ళింది. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, సూక్ష్మ పోషకాలు, ఉదజని సూచిక వంటివి. ఈ మట్టి తడిస్తే ఎంత ఉబ్బుతుందన్న గడి అందులో లేదు.

బిల్డర్ చూపించే బేరింగ్ కెపాసిటీ అంకెలోనూ ఆ జవాబు దొరకదు. నేల ఎంత బరువు మోయగలదో అది చెబుతుంది. మండువేసవిలో రేగడి గునపానికి కూడా లొంగదు కాబట్టి ఆ అంకె బాగానే రావచ్చు. కానీ రేగడిలో ఇల్లు కుంగడం ఒక్కటే సమస్య కాదు, నేల ఇంటిని పైకి ఎత్తడం కూడా సమస్యే. అందుకే పెద్ద భవనాల కంటే ఒక అంతస్తు ఇళ్లు, కాంపౌండ్ గోడలు, గచ్చులు ముందు పగులుతాయి. వాటికి నేలను అణిచి ఉంచేంత బరువు లేదు.

ఉబ్బును కొలిచే పరీక్ష లేక కాదు. 'ఫ్రీ స్వెల్ ఇండెక్స్' పేరుతో 1977లోనే భారతీయ ప్రమాణంగా వచ్చింది. కొలత గీతలున్న రెండు గాజు గొట్టాలు తీసుకుని, జల్లించిన పొడి మట్టిని ఒక్కోదాంట్లో 10 గ్రాములు వేస్తారు. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరోసిన్ పోస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. 24 గంటల తర్వాత చూస్తే నీళ్ళ గొట్టంలో మట్టి ఎత్తు పెరిగి ఉంటుంది. కిరోసిన్‌లో ఉన్నదానికి అది రెట్టింపయితే ఉబ్బు 100 శాతం. ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

విరుగుడు కూడా కొత్తది కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల్లోనే అండర్ రీమ్డ్ పైల్స్ అనే పునాది స్తంభాలను రూపొందించింది. సుమారు మూడున్నర మీటర్ల లోతుకు బోరు వేసి, అడుగున దాని వెడల్పుకు రెండున్నర రెట్లు ఉబ్బెత్తుగా తొలిచి కాంక్రీటు పోస్తారు. ఎండావానల ప్రభావం అంతగా చేరని లోతులో ఆ గడ్డ ఇంటిని పట్టి ఉంచుతుంది. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి అనే ఆచార్యుడు ఇంకో దారి చూపించారు. రేగడి మీద ఉబ్బని బంకమన్నును సుమారు మీటరు మందాన దట్టించాలన్నారు. ఇవన్నీ చేతిలో ఉండగా "ఏం చేస్తాం, నేల అలాంటిది" అంటే ఇల్లు కొన్నవాళ్ళకు అది సమాధానం కాదు.

ఇక మొక్కల మాట. గోడ ఒక వైపు రోజూ తడిసి, ఇంకో వైపు ఎండితే తడిసిన వైపు లేస్తుంది, ఇల్లు మెలిపడుతుంది. పెద్ద చెట్టు వేసవిలో పునాది కింది నీటిని లాగేస్తే నేల ముడుచుకుంటుంది. బంకమట్టి మీద ఇళ్లున్న బ్రిటన్‌కు 1976 కరువులో ఈ సంగతి గట్టిగా తెలిసివచ్చింది. కాబట్టి గోడ చుట్టూ నీరు దిగని గట్టు వేసి, మడులు దానికి అవతల పెట్టాలి. ఈ మాట తాళాలు ఇచ్చే రోజే చెప్పాల్సింది, గోడ పగిలాక కాదు. పైగా కట్టేటప్పుడు పైనున్న జానెడు మంచి మట్టిని ఎత్తి పారేసి మొరం నింపడంతో పెరట్లో మొక్కలు గిడసబారిపోతాయి. ఆ మట్టిని ఒక మూల పోసి ఉంచితే తోటకు పనికొచ్చేది.

బిల్డర్ ఇచ్చిన రిపోర్ట్ మీ దగ్గరుంటే ఒకసారి తీయండి. అందులో 'ఫ్రీ స్వెల్ ఇండెక్స్' అన్న గడి ఎక్కడుందో, దాని ఎదురుగా ఏం రాశారో చూడండి. ఆ గడే లేకపోతే, మొక్కలకు పోసిన నీళ్ళ సంగతి తర్వాత. కిరోసిన్ గొట్టం ఎందుకు పెట్టలేదని ముందు అడగండి.