మన కోడ్ ఇంకో ప్రాసెసర్ మీదకి వెళ్తే

హైదరాబాద్

పిల్లలకు ఆశీస్సులు.

ఇంటెల్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్ మీద చక్కగా నడిచిన, మీరు సి భాషలో రాసిన లైబ్రరీ, ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై మీద ఆగకుండా తిరుగుతూనే ఉందని రాశారు. బోర్డు పాడైందేమోనని సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పరుగెత్తకండి. తప్పు మొదటి నుంచీ కోడ్‌లోనే ఉంది. ఇంటెల్ దాన్ని బయటపడనివ్వలేదు, అంతే.

ఫైల్ నుంచి ఒక్కో అక్షరం తీసి ఒక్క బైట్ పట్టే చార్ వేరియబుల్‌లో పెట్టి, ఫైల్ అయిపోయిందని చెప్పే ఈవోఎఫ్ వచ్చేదాకా లూప్ తిప్పుతున్నారు కదా? లినక్స్‌లో ఈవోఎఫ్ విలువ -1. ఇంటెల్ మీద చార్‌లో -128 నుంచి 127 దాకా పడతాయి, కాబట్టి -1 అలాగే నిలుస్తుంది. ఆర్మ్ మీద అదే చార్‌లో 0 నుంచి 255 దాకానే. -1 అందులోకి వెళ్లి 255 అయి కూర్చుంటుంది, ఇక లూప్ ఆగేదెలా? ఆ వేరియబుల్‌ను -1, 255 రెండూ విడివిడిగా పట్టే ఇంట్ చేయండి. నిజానికి ఇంటెల్ మీదా ఆ కోడ్ సరైంది కాదు: ఫైల్‌లో 255 బైట్ ఎక్కడుంటే అక్కడే చదవడం మానేస్తుంది. జీసీసీ కంపైలర్‌కి, చార్‌ను సైన్ లేనిదిగా చేసే ఎఫ్-అన్‌సైన్డ్-చార్ ఆప్షన్ ఇస్తే ల్యాప్‌టాప్ మీదే ఈ తప్పు దొరుకుతుంది.

లాంగ్ అనే రకం సైజును నమ్మకండి. 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4. సైజు ముఖ్యమైన చోట, ఎక్కడైనా 32 బిట్లే ఉండే ఇంట్32_టీ లాంటివే వాడండి.

ఇక బైట్ల వరస. పాతబస్తీ దుకాణాల బోర్డులు చూడండి. ఒకే పేరు తెలుగులో ఎడమ నుంచి కుడికి, ఉర్దూలో కుడి నుంచి ఎడమకి ఉంటుంది. రెండూ ఒప్పే. ఉర్దూను ఎడమ నుంచి చదవబోయినవాడిదే తప్పు. హెక్స్ సంఖ్య 12345678ని ఇంటెల్, మీ రాస్ప్‌బెర్రీ పై రెండూ మెమరీలో 78 56 34 12గా పెడతాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఎస్390ఎక్స్ మాత్రం 12 34 56 78గా పెడుతుంది. అందుకని ప్రతి ప్రాసెసర్‌కీ ఇఫ్‌డెఫ్‌తో విడి కోడ్ రాస్తూ పోవడం నాకు నచ్చదు. ఫైల్‌లో ఏ వరస ఉండాలో మీరే తేల్చుకుని, ఒక్కో బైట్ తీసి షిఫ్ట్ చేసి కలపండి. అప్పుడు ప్రాసెసర్ ఏదైతేనేం? ఇక్కడొక గుంట ఉంది: బైట్‌ను నేరుగా 24 బిట్లు జరిపితే అది ముందు సైన్ ఉన్న (రుణ సంఖ్యలూ పట్టే) ఇంట్ అవుతుంది. అన్నిటికన్నా ఎడమ బిట్ 1 అయితే, 64 బిట్లలోకి వెళ్లేసరికి రుణ సంఖ్య అయిపోతుంది. జరిపే ముందే సైన్ లేని యుఇంట్32_టీగా మార్చండి.

బఫర్ మధ్యలో ఎక్కడో ఉన్న చోటుని యుఇంట్32_టీ పాయింటర్‌గా మార్చి చదవడం కూడా మానండి. ఇంటెల్ ఊరుకుంటుంది. స్పార్క్ ప్రాసెసర్ అయితే బస్ ఎర్రర్‌తో ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. బైట్లను కాపీ చేసే మెమ్‌కాపీ వాడండి. స్లో అవుతుందని భయపడకండి, ఆప్టిమైజేషన్ పెడితే కుదిరిన ప్రాసెసర్ల మీద కంపైలర్ దాన్ని ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తుంది. కొన్ని ఫీల్డులు కలిపిన స్ట్రక్ట్‌ను ఉన్నదున్నట్టు ఫైల్‌లోకి రాయడం ఇంకో పాడలవాటు. ఇంట్32_టీ, దాని తర్వాత ఇంట్64_టీ ఉన్న స్ట్రక్ట్ 32 బిట్ ఇంటెల్ లినక్స్‌లో 12 బైట్లు, 64 బిట్‌లో మధ్యలో ఖాళీ వదలడంతో 16. ఫీల్డులు ఒక్కొక్కటిగా రాయండి.

పరీక్షకు మెయిన్‌ఫ్రేమ్ కొనక్కర్లేదు. ఉబుంటులో ఎస్390ఎక్స్‌కి కోడ్ తయారుచేసే క్రాస్ కంపైలర్, ఆ ప్రాసెసర్‌ను అనుకరించే కెము యూజర్ ప్యాకేజీ పెట్టుకుని, స్టాటిక్‌గా (లైబ్రరీలన్నీ ప్రోగ్రామ్‌లోనే కలిపి) లింక్ చేసి నడపండి. స్టాటిక్ మరిచిపోతే లోడర్ ఫైల్ దొరకలేదని కెము మొరాయిస్తుంది. బైట్ల వరస, సైన్ లేని చార్, రెండూ ఈ ఒక్క దాంట్లోనే తేలిపోతాయి. 32 బిట్ ఆర్మ్‌కి కూడా ఇలాగే ఒకసారి చేయండి.

కెముకి చిక్కనివి రెండున్నాయి. కింద ఉన్నది ఇంటెల్ కాబట్టి ఇందాకటి పాయింటర్ లాంటి అలైన్‌మెంట్ (చోటు కుదరని) తప్పులను అది దాటవేస్తుంది. వాటికి ల్యాప్‌టాప్ మీదే కంపైలర్‌లోని అన్‌డిఫైన్డ్ శానిటైజర్ తనిఖీ పెట్టి చూడండి. రెండోది థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు. ఒక థ్రెడ్ డేటా రాసి, సిద్ధమని చెప్పే ఫ్లాగ్ పెడితే, ఇంటెల్ మీద ఇంకో థ్రెడ్‌కు అదే వరసలో కనిపిస్తాయి. ఆర్మ్‌లో ఫ్లాగ్ ముందు, డేటా తర్వాత కనిపించవచ్చు. ఫ్లాగ్‌ను, ఈ వరసను కాపాడే సి11 అటామిక్ రకంగా చేయండి. ఈ పరీక్ష మాత్రం మీ పై మీదే, వేలసార్లు తిప్పి చేయండి. ఒక్క కోరే ఉన్న పాత పై జీరో దీనికి పనికిరాదు.

మీ పెదనాన్న